చీమలు వచ్చే మూల

జెకర్యా, మేరీ సుగుణా,
రేపు పొద్దున డోన్‌లో బస్సెక్కి
కర్నూలు ఆఫీసుకి పోతాండారంట,
ఎవరో కన్న బిడ్డను
కొన్నాళ్ళకు ఇంటికి తెచ్చుకోడానికి.
"రెండు ధైర్యం మాటలు చెప్పన్నా" అంటివి ఫోన్లో.
మిషన్ ఆపి విన్నాను.
బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టేవాడి దగ్గర
ధైర్యం యాడుంటాది అబ్బీ,
చెవుల్లో హోరు, గోళ్ళలో తెల్ల బురద తప్ప.
జరిగింది చెప్తా, అంతే.

మా ఇంటికొచ్చినోడి పేరు మద్దిలేటి.
ఆరేళ్ళు. ఒక చొక్కా, తెగిన చెప్పులు,
చేతిలో ముద్ర కొట్టిన కాగితం.
వాళ్ళమ్మ ఛాతీ జబ్బుతో నంద్యాల ఆస్పత్రిలో.
సంఘంలో ఒక పెద్దాయన మెల్లగా అన్నాడు:
"కొండదేవుడి పేరు గదప్పా,
సమూయేలు అని పిలవరాదా?"
సువార్తమ్మ కొంగు నడుముకు దోపుకోని
"వాళ్ళమ్మ వాడికిచ్చిన ఆస్తి అదొక్కటే సామీ,
అదీ మనమే పెరుక్కుంటామా?" అనింది.
ఆ ఆదివారం ప్రార్థనలో
మద్దిలేటి అనే పేరు
మా చర్చి రేకులకు మొదటిసారి తగిలింది.
దేవుడికి కొత్తగా అనిపించి ఉండదులే.
తల వెంట్రుకలు లెక్కపెట్టినోడికి
పేరు తెలీకుండా ఉంటుందా.

మూడో రోజు పరుపు కింద చీమల బారు.
ఎత్తి చూస్తే జొన్నరొట్టె ముక్కలు,
రెండు చెనక్కాయలు, బెల్లం అంటిన కాగితం.
వాడు గోడకు అతుక్కుపోయినాడు
కండ్లు మూసుకోని, దెబ్బకు సిద్ధంగా.
నాకు కోపమే వచ్చింది, అబద్ధమెందుకు.
మూడు పూట్లా పెడుతున్నాం గదా,
మా అన్నం మీద నమ్మకం లేదా అని.
సువార్తమ్మ ఏమీ అనలేదు.
చక్కెర డబ్బా ఖాళీ చేసి, కడిగి, ఎండలో పెట్టి,
మూత బిగుతుగా ఉందో లేదో చూసి
వాడి దిండు పక్కన పెట్టింది.
"ఈడ దాచుకో నాయనా, చీమలు పట్టవు."
రోజూ రాత్రి ఒక రొట్టె తనే వేసేది.

నలభై ఏండ్లుగా ప్రసంగాలు విన్నాను.
అనుదినాహారం అనే మాటను
ఆ డబ్బా మూత చప్పుడంత బాగా
ఎవరూ వివరించలేదు.

పక్క తడుపుతాడు. అది చిన్న సంగతి.
"నువ్వు మా నాయన కాదు" అంటాడు,
అదీ నలుగురిలో, చికెన్ అంగడి ముందర.
నిజమే గదా జెకర్యా.
నిజానికి ఏడవకూడదు అనుకుంటానే
బండ మీద నీళ్ళు వదిలి ఏడ్చినా.
ఆ మధ్యాహ్నమే గుర్తొచ్చినాడు
నజరేతులో ఒక వడ్రంగి,
తనది కాని బిడ్డకు
ఉలి పట్టడం నేర్పినోడు.
ఆయన మాట్లాడిన ఒక్క మాటా
ఎవరూ రాసిపెట్టలేదు.
రాత్రికి రాత్రి లేచి
తల్లినీ బిడ్డనూ తీసుకోని నడిచినాడు,
రాసింది అదే.
మాటలు రానోళ్ళకూ ఈ పనిలో చోటుంది.

పద్నాలుగు నెలలకు వాళ్ళమ్మ వచ్చింది.
చిక్కిపోయి, మందుల సంచితో,
గడప బయటే నిలబడి.
వాడు పరుగెత్తలేదు. నా లుంగీ పట్టుకున్నాడు.
ఆ వేళ్ళు ఒక్కొక్కటే
నేనే విడిపించాల.
ఎన్ని బండలు ఎత్తినానో లెక్కలేదు,
అంత బరువు ఎత్తలేదు ఎప్పుడూ.
ప్రభువా అన్నాను. దాని తర్వాత మాట రాలేదు.
సువార్తమ్మ డబ్బా ఆమె చేతికిచ్చి
"రాత్రిపూట ఒక రొట్టె వెయ్యి చెల్లీ,
తినకపోయినా" అనింది.

పంపేటప్పుడు గుండె పగలదా అని అడిగితివి.
పగుల్తాది.
పగలకుండా ప్రేమించే ఉపాయం
ఆయన దగ్గర కూడా ఉన్నట్టు లేదు,
ఆ చేతుల మచ్చలు చూడు.

పరుపు వేసిన మూలకు
ఇప్పటికీ చీమలు వస్తాండాయి.
సుద్ద గీస్తానంటే సువార్తమ్మ వద్దంటాది.
మొన్న ఇంకో డబ్బా కడిగి
ఎండలో పెట్టింది, నాతో చెప్పకుండానే.

రేపు తిరిగొచ్చేటప్పుడు
బస్సులో కిటికీ పక్క సీటు
బిడ్డకియ్యండి.